ఈ విలన్ వస్తుంటే మ్యూజిక్ వినిపించదు!

సినిమాలో విలన్ రాబోతున్నాడంటే మనకి ముందే తెలిసిపోతుంది. డ్రమ్ములు మోగుతాయి. బూట్ల చప్పుడు వినిపిస్తుంది. కెమేరా కాళ్ల దగ్గర మొదలై మీసం దాకా పాకుతుంది. నేల క్లాసులో కూచున్న చంటిపిల్ల సైతం అమ్మ కొంగు పట్టుకుంటుంది. కానీ నిజజీవితంలో కొందరు విలన్లకి ఈ మర్యాదలేవీ తెలియవు. బి.పి., షుగరు, లివర్లో కొవ్వు... ఈ ముగ్గురూ చప్పుడు చెయ్యకుండా వచ్చి పాతికేళ్ల కుర్రాడి పక్క సీట్లో కూచుంటారు. పదేళ్లు గడిస్తేగానీ తమ పేరు చెప్పరు!

సినిమా పత్రికలో ఈ జబ్బుల గొడవేమిటి అంటారా? కాస్త ఓపిక పట్టండి. మన అభిమాన తారల దగ్గర్నుంచే మొదలుపెడతాను.

2021 అక్టోబరు 29న కన్నడ కథానాయకుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ల వయసులో గుండెపోటుతో హఠాత్తుగా కన్నుమూశారు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు బెంగుళూరులో గుండె పరీక్షల కోసం జనం బారులు తీరారు. 2023 జనవరి 27న కుప్పం పాదయాత్రలో నందమూరి తారకరత్న కుప్పకూలారు. ఫిబ్రవరి 18న మరి లేరన్నారు. వాళ్ల వైద్యవిషయాల జోలికి నేను పోను, అవి వాళ్ల కుటుంబాల సొంత సంగతులు. నేను చెప్పేది మన సంగతి. తార రాలినప్పుడల్లా మనకి భయం పుడుతుంది. గుండె మీద చెయ్యి వేసి చూసుకుంటాం. నెల తిరక్కుండా మర్చిపోయి బిర్యానీ సెంటర్ ముందు నిలబడతాం!

మహానటి సావిత్రిగారి చివరి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. చక్కెర వ్యాధితో బాధపడిన ఆమె పందొమ్మిది నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న వెళ్లిపోయారు. ఆ రోజుల్లో షుగరంటే నడివయసు దాటినవాళ్లకి, కాస్త కలిగినవాళ్లకి వచ్చే జబ్బని జనం అనుకునేవారు. ఇవాళ ఆ మాట చెల్లదు. ఎందుకు చెల్లదో తెలుసుకుందామని ఈమధ్య కొన్ని పరిశోధన పత్రాలు ముందేసుకు కూచున్నాను. నేను చదివింది బి.ఏ. అర్థం కాని చోటల్లా ఒక డాక్టరు మిత్రుణ్ణి పీడించాను.

*తార్నాకలో తూకం మారింది*

మన హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దాని పుట్టుక ఒక సినిమా కథలా ఉంటుంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలైంది. అప్పటి పని బెరిబెరి జబ్బు మీద విచారణ. తౌడంతా పోయేలా పాలిష్ పట్టిన బియ్యం తిని, అందులో ఉండాల్సిన విటమిన్ అందక జనం పడే జబ్బది. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకి తరలివచ్చింది. అంటే, తిండిలో లోటు వెతకడానికి పుట్టిన సంస్థ అన్నమాట!

అదే సంస్థ 2023లో ఏం కొలిచిందో తెలుసా? మన హైదరాబాదు ఐ.టి. ఉద్యోగుల నడుములు! వాళ్ల రక్తం, రక్తపోటు, తిండి, కుర్చీలో కూచునే గంటలు... అన్నీ లెక్కగట్టింది. నూటికి 46 మందిలో 'మెటబాలిక్ సిండ్రోమ్' కనిపించింది. పేరు చూసి బెదిరిపోకండి. పెరిగిన నడుము, పెరిగిన బి.పి., పరగడుపున ఎక్కువైన షుగరు, రక్తంలో ట్రైగ్లిసరైడ్ అనే కొవ్వు పెరగడం, మంచి కొలెస్టరాల్ తగ్గడం... ఈ అయిదింటిలో ఏ మూడు ఒకచోట చేరినా ఆ పేరు పెడతారు. ఇంకా జబ్బు కాదు, జబ్బు వచ్చే దారి. ఆ ఉద్యోగులు రోజుకి సగటున ఎనిమిది గంటలకి పైగా కూచునే ఉంటున్నారట. వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని చెప్పేవాళ్లు నూటికి 22 మందే!

2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన మరొకటి వెలువడింది. 345 మంది ఐ.టి. ఉద్యోగుల్ని పరీక్షిస్తే నూటికి 84 మందికి లివర్లో కొవ్వు చేరింది. నూటికి 71 మంది స్థూలకాయులు. ఇక్కడ ఒక్క మాట. 345 మందంటే నగరమంతా కాదు. ఆ అంకె చూసి ఐ.టి. ఉద్యోగులందరూ మంచాన పడ్డట్టు రాసెయ్యడం న్యాయం కాదు. లివర్లో కొవ్వున్న ప్రతివాడికీ లివర్ చెడిపోదు కూడా. కానీ ఇంత చిన్న వయసులో ఇంతమందిలోనా అన్నదే ఆలోచించాల్సిన విషయం.

దేశం మొత్తం మీద చూస్తే? లక్షా పదమూడు వేలమందిని పరీక్షించిన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. 10 కోట్ల 10 లక్షలమందికి షుగరు ఉంది. మరో 13 కోట్ల 60 లక్షలమంది ఆ గడప దగ్గర నిలబడి ఉన్నారు. పల్లెల్లో నూటికి 9 మందికుంటే, పట్నాల్లో నూటికి 16 మందికి ఉంది.

*ఒకే తూకం... ఇద్దరు డాక్టర్లు!*

"నేను సన్నగానే ఉన్నాగా, నాకెందుకొస్తుందండీ?" అంటారు చాలామంది. వాళ్లకోసం ఒక డబుల్ యాక్షన్ ఫొటో గురించి చెబుతాను. 2004లో 'లాన్సెట్' అనే వైద్యపత్రికలో ఇద్దరు డాక్టర్లు తమ ఫొటోనే అచ్చువేయించుకున్నారు. ఒకరు పూనాకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్ డాక్టరు జాన్ యూడ్కిన్. ఇద్దరి ఎత్తుకీ బరువుకీ లెక్కగట్టి చూస్తే అంకె ఒకటే, 22.3. చూపుకి ఇద్దరూ సన్నమే. కానీ యంత్రంతో కొలిస్తే ఆ ఇంగ్లీషాయన ఒంట్లో కొవ్వు నూటికి 9.1 పాళ్లు, మన యాజ్ఞిక్ గారి ఒంట్లో 21.2 పాళ్లు!

అదీ సంగతి. మనవాళ్లలో చాలామంది పైకి సన్నం, లోపల కొవ్వు. కండ తక్కువ, పొట్ట చుట్టూ నిల్వ ఎక్కువ. అందుకే బరువు చూసే యంత్రం మీద ఎక్కి దిగి 'అమ్మయ్య' అనుకుంటే లాభం లేదు. నడుము కొలవాలి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80. మనవాళ్లకి పెట్టిన గీత అది.

*ఉప్మా చెప్పిన రహస్యం*

ఈ లోపలి కొవ్వు కథ ఎక్కడ మొదలవుతుంది? కుర్రాళ్ల బద్ధకం దగ్గరా? పిజ్జాల దగ్గరా? అంతకన్నా చాలా ముందు, అమ్మ కడుపులోనే మొదలు కావచ్చంటోంది మన హైదరాబాదు పక్కన జరిగిన ఒక పరిశోధన.

1987 నుంచి 1990 దాకా నగరానికి దగ్గర్లోని 29 ఊళ్లలో ఒక ప్రయోగం జరిగింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకీ, బాలెంతలకీ, చిన్నపిల్లలకీ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టారు. మిగిలిన ఊళ్లకి ఆ పథకం అప్పటికింకా రాలేదు. పదిహేనేళ్ల తర్వాత, 2003–05 మధ్య, పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకి వెళ్లారు. అప్పటి పసివాళ్లు 13 నుంచి 18 ఏళ్ల పిల్లలయ్యారు. 1,165 మందిని కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. అది పైకి కనిపించేది. లోపలి మాట అంతకన్నా గొప్పది. షుగరుని అదుపులో పెట్టే ఇన్సులిన్ మాటని వాళ్ల ఒళ్లు బాగా వింటోంది. వాళ్ల రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి.

గరిటెడు ఉప్మా పదిహేనేళ్లు గుర్తుండిపోయిందండీ! కడుపులో ఉన్నప్పుడు తిండి చాలక పొదుపు నేర్చుకున్న ఒళ్లు, పట్నం వచ్చాక కుర్చీ, బస్సు, నూనెపొట్లాం ఒక్కసారి దొరికితే ఏం చేస్తుంది? దాచుకోవడమొక్కటే దానికి తెలుసు. కాబట్టి పాతికేళ్లకే షుగరు వచ్చిన పిల్లని చూసి "తిండి మీద అదుపు లేదు" అని మూతి తిప్పేముందు, ఆ పిల్ల తల్లికి నెలలు నిండే రోజుల్లో పళ్లెంలో ఏముందో కూడా అడగాలి.

*కృష్ణానగర్ కొలతలు*

ఐ.టి. వాళ్లని కొలిచారు, బాగుంది. మరి మన కృష్ణానగర్ కుర్రాళ్లో? తెల్లవారుజామున కాల్‌షీటు, అర్ధరాత్రి ప్యాకప్. గంటకో టీ, అందులో రెండేసి చెంచాల పంచదార. ఎడిటింగ్ రూముల్లో, గ్రాఫిక్స్ కంప్యూటర్ల ముందు పద్నాలుగు గంటలు కదలకుండా కూచునే పిల్లలకీ, మాదాపూర్ ఉద్యోగికీ తేడా ఏముంది? మెళ్లో కార్డు, కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్సు తప్ప!

నాకు తెలిసిన అసిస్టెంట్ డైరెక్టరు ఒకాయన ఉన్నాడు. వయసు 31. కిందటేడు ఇన్సూరెన్సు కోసం పరీక్ష చేయించుకుంటే బి.పి. 160/100 అని తేలింది. మరో రెండు రోజులు చూసినా అంతే. డాక్టరుగారు మాత్రలు రాశారు. నెలరోజులు వేసుకుని మానేశాడు. ఎందుకయ్యా అంటే, "నొప్పేం లేదు కదన్నా" అన్నాడు. అసలు భయం వేరే ఉంది. 'పేషెంటు' అన్న పేరు పడితే తర్వాతి సినిమాకి పిలవరేమోనని! ఇంట్లో అమ్మగారిది ఇంకో భయం. సంబంధాలు చూస్తున్నారు. చూడవచ్చినవాళ్ల కంట పడకుండా ఆ మాత్రల అట్ట పోపులడబ్బాలో దాచారట.

నొప్పి లేకపోవడమే బి.పి.లో ఉన్న మోసం. నొప్పి పెట్టదు గానీ గుండెనీ, కిడ్నీలనీ, మెదడుకి పోయే నాళాల్నీ రోజూ కొంచెం కొంచెం కొరుకుతుంది. మా వాడికి డాక్టరు మిత్రుడి చేత ఈ మాటే చెప్పించాను. మూడు నెలలుగా మళ్లీ మాత్రలు వేసుకుంటున్నాడు. ఈసారి అట్ట టి.వి. పక్కనే పెట్టాడు.

దాపరికం గురించి మాట్లాడుతుంటే సమంత గుర్తొస్తున్నారు. 2022 అక్టోబరులో తనకి మయోసైటిస్ అనే కండరాల జబ్బుందని ఆమె స్వయంగా చెప్పారు. చేతికి సెలైన్ పెట్టుకునే 'యశోద'కి డబ్బింగ్ చెబుతున్న ఫొటో మీరూ చూసే ఉంటారు. ఆ జబ్బు వేరు, షుగరు బి.పి.లు వేరు. కానీ ముఖమే పెట్టుబడి అయిన రంగంలో ఒక కథానాయిక దీర్ఘవ్యాధిని పైకి చెప్పగలిగినప్పుడు, మనం మాత్రల అట్టని పోపుల మధ్య దాచడం దేనికి?

*ఇంటర్వెల్ ఇంకా దాటలేదు*

భయపెట్టి వదిలేయడం నా ఉద్దేశం కాదు. మద్రాసు డాక్టరు రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన పరిశోధన వినండి. షుగరు గడప దగ్గరున్న 531 మందిని తీసుకున్నారు. మామూలు సలహాతో సరిపెట్టిన వాళ్లలో మూడేళ్లు తిరిగేసరికి నూటికి 55 మందికి షుగరు వచ్చింది. నడక, తిండి మార్చి వెంటపడి చెప్పిన వాళ్లలో 39 మందికే వచ్చింది. అంటే ప్రతి నూరుమందిలో పదహారుగురు తప్పించుకున్నారు. మందుబిళ్ల లేకుండా! వాళ్లలో చాలామంది నడివయసువాళ్లు. ముప్ఫైలోనే మొదలుపెడితే చేతిలో ఉండే టైము ఇంకా ఎక్కువ.

దీనికి సూపర్‌స్టార్ల సిక్స్‌ప్యాకులు అక్కర్లేదు. మూడు కొలతలు చాలు. దర్జీ టేపుతో నడుము, చేతికి పట్టీ కట్టి బి.పి., పరగడుపున ఒక్క రక్తపు చుక్క. పరగడుపు షుగరు 100 లోపుంటే హాయి. 100 నుంచి 125 దాకా ఉంటే గడప దగ్గరున్నట్టు. 126, ఆ పైన వస్తే మరోసారి పరీక్షించి డాక్టరుగారు తేలుస్తారు. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగరుంటే, మీకు ముప్ఫై వచ్చేదాకా కూడా ఆగకండి.

మొదటిరోజు మొదటి ఆట టిక్కెట్టు కోసం తెల్లారకుండా లేచి క్యూలో నిలబడే ఓపిక మనకుంది. ఈ నెలలో ఒక్క ఉదయం, కాఫీ తాగకముందే, ఆ ఓపికని దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి క్యూలో చూపించండి. పక్కింటి కుర్రాణ్ణి కూడా వెంటబెట్టుకు వెళ్లండి. కబుర్లకి తోడుంటాడు!