ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్ల ఎంపిక: సంగీతరీతులు, శ్రవణ ప్రయోజనాలు

ఉపోద్ఘాతం

హెడ్‌ఫోన్‌లో ధ్వనిని పుట్టించే పలుచని పొరను డయాఫ్రమ్ అంటారు. దాని వెనుక భాగం గట్టి కప్పుతో మూసి ఉంటే ఆ హెడ్‌ఫోన్‌ను క్లోజ్డ్‌బ్యాక్ అని, జాలీతో తెరిచి ఉంటే ఓపెన్‌బ్యాక్ అని వ్యవహరిస్తారు. 1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ విడుదల చేసిన హెచ్‌డి 414 ఓపెన్‌బ్యాక్ తరగతిలో తొలి సాధనంగా ప్రసిద్ధి పొందింది. ఏ సంగీతానికి ఏది తగినదనే ప్రశ్నకు విక్రేతలు సాధారణంగా రాక్, జాజ్, క్లాసికల్ అనే పేర్లతో సమాధానమిస్తారు. ఈ విభజనలో కచేరీకి, పద్యనాటకానికి, బుర్రకథకు చోటు లేదు. వినదలచిన ధ్వనిలో శక్తి ఏ పౌనఃపున్యాల వద్ద కేంద్రీకృతమై ఉంది, వినే స్థలం ఎటువంటిది అన్నవే ఎంపికకు సరైన ప్రాతిపదికలు. క్షేత్రపర్యటనలో సేకరించిన రికార్డింగులను అక్షరీకరించే పరిశోధకుల విషయంలో ఈ ఎంపిక అభిరుచికి మాత్రమే సంబంధించినది కాదు. దత్తాంశాల ప్రామాణికత కూడా దానిపై కొంత ఆధారపడి ఉంటుంది.

తెరిచిన నిర్మాణం - దాని ఫలితాలు

డయాఫ్రమ్ ముందుకు కదిలినప్పుడు చెవి వైపు ఎంత ధ్వని వెలువడుతుందో, వెనుకకూ దాదాపు అంతే వెలువడుతుంది. మూసిన కప్పులో ఈ వెనుక ధ్వని గోడలను తాకి తిరిగివచ్చి కొన్ని పౌనఃపున్యాల వద్ద అనునాదాన్ని కలిగిస్తుంది. తెరిచిన నిర్మాణంలో అది బయటికి పోతుంది కనుక ధ్వని విశాలంగా, సహజంగా తోస్తుంది. ఇందుకు చెల్లించవలసిన మూల్యమూ ఉంది. చాలా డైనమిక్ తరహా ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్లలో మంద్ర పౌనఃపున్యాల బలం తగ్గుతుంది. పలుచని పొరపై వాహక తీగలను పరచి, అయస్కాంతాల మధ్య కదిలించే ప్లానార్ మాగ్నెటిక్ తరహాలో ఈ లోపం తక్కువ. లోతైన ఎలక్ట్రానిక్ బేస్ ఉన్న ఇటీవలి సినిమా పాటలను ఓపెన్‌బ్యాక్‌లోనే వినదలచినవారికి హైఫైమాన్ సుందరా వంటి ప్లానార్ సాధనాలు అనుకూలం.

శాస్త్రీయ సంగీతం, పాత రికార్డులు

తంబుర నాదానికి నిండుదనం దాని అనుస్వరాల వల్ల వస్తుంది. మృదంగం కుడి మూతపై కరణి వేయడం వల్ల అతిస్వరాలు శ్రుతిబద్ధమవుతాయని సి.వి.రామన్ 1920లోనే నిరూపించారు. గాత్రం, వీణ, మృదంగం కలిసిన కచేరీలో ఈ సూక్ష్మాలు వినబడాలంటే మధ్యశ్రేణి పౌనఃపున్యాలను హెచ్చుతగ్గులు లేకుండా వినిపించే సాధనం కావాలి. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 600 నేటికీ ఆదరణ పొందడానికి కారణం ఈ సమతుల్యతే. అయితే దాని ఇంపెడెన్స్ 300 ఓమ్‌లు. తక్కువ స్థాయిలో రికార్డయిన కచేరీలను దానితో వినేటప్పుడు సాధారణ ల్యాప్‌టాప్ అందించే శక్తి చాలకపోవచ్చు. అప్పుడు ప్రత్యేక యాంప్లిఫయర్ అవసరమవుతుంది.

78 ఆర్‌పీఎం రికార్డుల స్థితి వేరు. 1925 ప్రాంతంలో విద్యుత్ పద్ధతి రాకముందు పెద్ద బూర ముందు పాడి చేసిన రికార్డులలో గానం చాలా ఇరుకైన పౌనఃపున్య పరిధిలోనే నిక్షిప్తమైంది. ఆ పరిధికి పైన వినిపించేది ప్రధానంగా ముల్లు రాపిడి శబ్దమే. తారస్థాయి పౌనఃపున్యాలను ఎత్తి చూపే బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో వంటి సాధనంలో పాటకన్నా ఈ గీర శబ్దమే ముందుకు వస్తుంది. పైగా ఇవి మోనో రికార్డులు. రెండు చెవులకూ ఒకే ధ్వని చేరడం వల్ల గాయకుడు తల మధ్యలో ఉన్నట్టే తోస్తాడు. ఓపెన్‌బ్యాక్‌లకు ప్రతిష్ఠ తెచ్చిన విశాలత ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. అందుకోసం అధిక మూల్యం చెల్లించడం వృథా.

మౌఖిక సాహిత్య అక్షరీకరణ

మాండలిక పరిశోధనలో 'చానా', 'శానా', 'సానా' అనే రూపాల భేదం కీలకం. ఈ హల్లుల తేడా ఊష్మధ్వని శక్తి ఎక్కడ కేంద్రీకృతమైందన్న దానిపై చాలావరకు ఆధారపడుతుంది. సకారంలో అది సాధారణంగా 4,000 హెర్ట్జ్‌కు పైన, శకారంలో అంతకు కొంత దిగువన ఉంటుంది. ఈ భాగాన్ని అణచి వినిపించే సాధనంలో సకారం శకారంగా తోచే అవకాశం ఉంది. అతిగా ఎత్తి వినిపిస్తే దీనికి విరుద్ధమైన పొరపాటూ జరగవచ్చు. బుర్రకథలో కథకుని అందెల లోహధ్వని కూడా ఈ ఎగువ శ్రేణిలోనే బలంగా ఉంటుంది కనుక చిక్కు మరింత పెరుగుతుంది. ఒకే వక్త రికార్డింగులను సగం ఒక హెడ్‌ఫోన్‌తో, సగం మరొకదానితో అక్షరీకరిస్తే, ఫలితాలలో కనిపించే వైవిధ్యం వక్తదా, సాధనానిదా అన్న సందేహానికి తావిచ్చినట్టే. ఈక్వలైజర్ సాఫ్ట్‌వేర్‌తో కొంత సవరణ సాధ్యమే గాని, రికార్డులో నమోదు కాని ధ్వనిని అది పుట్టించలేదు.

గంటల తరబడి సాగే ఈ పనికి ఓపెన్‌బ్యాక్ సాధారణంగా సుఖకరం. చెవులకు గాలి తగులుతుంది, తన మాట తనకు మూసుకుపోయినట్టు వినిపించదు. వాక్యాన్ని పైకి పలికి సరిచూసుకునేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

స్థలం, శబ్దస్థాయి

వేసవిలో సీలింగ్ ఫ్యాన్ తిరిగే గదిలో ఓపెన్‌బ్యాక్ పరిమితి వెంటనే బయటపడుతుంది. ఫ్యాన్ హోరు నేరుగా చెవికి చేరి పదాంతంలోని బలహీన ధ్వనులను మరుగుపరుస్తుంది. వినేవారు తెలియకుండానే శబ్దం పెంచుతారు. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితిగా సూచించింది. రోజుకు ఆరేడు గంటలు అక్షరీకరణ చేసే పరిశోధకులు వారంలో ఆ గంటలకు సులభంగా చేరుకుంటారు. నిశ్శబ్దమైన గది దొరకనివారికి ఖరీదైన ఓపెన్‌బ్యాక్ కన్నా మధ్యరకం క్లోజ్డ్‌బ్యాక్ మేలు. గ్రంథాలయంలో ఓపెన్‌బ్యాక్ పెట్టుకుంటే పక్కవారికీ కథ వినిపిస్తుంది. క్షేత్రంలో మైకు పక్కన కూర్చుని దానితో పర్యవేక్షిస్తే బయటికి పోయే ధ్వని తిరిగి రికార్డింగులోనే చేరుతుంది. అక్కడ మూసిన సాధనమే వాడాలి.

కొనుగోలుకు ముందు దుకాణంలో వినిపించే ప్రదర్శన పాటకు బదులు, పరిశోధకులు తమ సేకరణలోని రెండు నిమిషాల రికార్డింగును వెంట తీసుకువెళ్లడం ఉత్తమం. అందులో స, శ, చ కారాలతో మొదలయ్యే పదాలు, ఒక మద్దెల దెబ్బ, కొంత జనఘోష ఉంటే చాలు.