నెత్తుటి గొట్టములో గాలిబుడగ

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ మూత్రపిండముల జబ్బు మాట వినని ఇల్లు అరుదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. డయాలసిస్ అవసరమైనవారు సాధారణముగా వారమునకు మూడు మారులు, మారునకు నాలుగేసి గంటలు యంత్రము చెంత గడుపవలెను. అంతసేపును వారి చూపు గొట్టముమీదనే. అందు బుడగ కనబడిన గుండె గుభేలుమనును.

ఈ భయము సగమే నిజము. చేతి సిరలో సెలైనుతోబాటు పోయిన చిన్న బుడగ సాధారణముగా ఊపిరితిత్తులను చేరి అచ్చటనే కరగిపోవును. అపాయము గాలి పరిమాణములోను, అది చొచ్చు వడిలోను ఉన్నది. ఎక్కువ గాలి ఒక్కసారిగా గుండె కుడి గదులలోనికి పోయిన, రక్తము కవ్వముతో చిలికినట్లు నురుగు కట్టును. గుండె కొట్టుకొనుచునే యుండును గాని రక్తము ముందుకు సాగదు.

అందుకే యంత్రములో బుడగలను పట్టు చిన్న గదిని, చెవికందని ధ్వని తరంగములతో గాలిని కనిపెట్టు సాధనమును అమర్చిరి. గాలి తగిలిన తక్షణమే అది మోత మ్రోగించి, పంపును ఆపి, గొట్టమును బిగించును. ఆ మోత విని విసుగుకొనకుడని మా మనవి.

మాకు ఇంతకన్న భయము మెడలో అమర్చిన గొట్టమును గూర్చి. కూర్చుండి ఊపిరి పీల్చునపుడు మెడసిరలోని ఒత్తిడి బయటి గాలికన్న తగ్గును. మూత ఊడిన గొట్టము గాలిని లోనికి లాగుకొనును. కనుకనే దానిని తీయునపుడు రోగిని వెల్లకిల పరుండబెట్టుదురు. ఇంటివద్ద మూత ఊడినచో గొట్టముపై నున్న బిగింపును వెంటనే మూసి, రోగిని ఎడమ ప్రక్కకు, తల దిగువగా పరుండబెట్టి, 108కు ఫోను చేయవలయును.