హృదయము పంపిన కబురు కణములోని కెట్లు చేరును?

పాతబస్తీలో పెండ్లివిందు ఆరగించి వచ్చినవారికి ఆ రాత్రి ఎంత దాహము వేయునో చెప్పనక్కరలేదు. బిరియానీలోను, మిర్చీ సాలనులోను, ఊరగాయలోను నున్న ఉప్పు రక్తములో చేరి కణములలోని నీటిని బయటికి లాగును. మనము చెంబులకొలది నీరు త్రాగుదుము. ఉప్పు, నీరు రెండును చేరి రక్తపు పరిమాణము కొంత హెచ్చును. అయినను ఒకటి రెండు దినములలో ఆ అదనపు ఉప్పు మూత్రముతో పోయి శరీరము యథాస్థితికి వచ్చును. రక్తము హెచ్చినదని మూత్రపిండములకు కబురు చెప్పునదెవరు? కబురు చెప్పునవి పెక్కు గలవు. వానిలో మనము సులభముగా ఊహింపలేనిది ఒకటున్నది. అది హృదయమే.

హృదయమనగా రక్తమును తోడిపోయు యంత్రమని చిరకాలము తలచిరి. 1889లో ఈ హైదరాబాదుననే నిజాము ధనసహాయముతో, డాక్టరు ఎడ్వర్డు లారీ పూనికతో రెండవ క్లోరోఫారం కమిషన్ పనిచేసినది. లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చి అందు పాల్గొనెను. క్లోరోఫారం ప్రాణము తీయునప్పుడు ముందుగా ఆగునది శ్వాసయా, గుండెయా అన్నది వివాదము. వందలకొలది జంతువులలో రక్తపీడనమును గీతలుగా నమోదుచేసి, శ్వాసయే ముందాగునని తేల్చిరి. ఆ తీర్పు తరువాత నిలువలేదు. ఆ గీతలలో గుండె ఒక పంపుగనే కనబడినది. అది గ్రంథి కూడనని రుజువగుటకు ఇంకను తొంబదికి పైగా సంవత్సరములు పట్టినది.

1950ల నుండి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూచినవారికి, హృదయపు పైగదులైన కర్ణికల కణములలో గ్రంథికణములలోని వాటి వంటి రేణువులు కనబడుచుండెను. 1981లో కెనడాలో అడాల్ఫో ది బోల్డ్, ఆయన సహచరులు ఎలుకల కర్ణికలను నూరి తీసిన ద్రవమును వేరు ఎలుకల రక్తములోని కెక్కించిరి. వెంటనే మూత్రములో పోవు సోడియము 30 రెట్లకు మించి పెరిగినది. మూత్రము 10 రెట్లయినది. ఆ ద్రవములోని పదార్థము 28 ఎమినో ఆమ్లముల గొలుసు. దానికి ఎ.ఎన్.పి. అని పేరు. కర్ణికల గోడలు రక్తముతో నిండి సాగినప్పుడు ఇది విడుదలగును. దీని తోబుట్టువు బి.ఎన్.పి.ని 1988లో పంది మెదడు నుండి తీసిరి గనుక 'మెదడు' పేరే దానికి నిలిచినది. నిజమునకు అది హృదయపు క్రిందిగదులైన జఠరికలలో హెచ్చుగా తయారగును. శాస్త్రములో ఇట్టి పేర్లు ఒకసారి అంటుకొన్న పిమ్మట వదలవు.

ఇక అసలు చిక్కు. ఈ పెప్టైడులు కణత్వచమును దాటి లోనికి పోజాలవు. మరి కణములో పని ఎట్లు జరుగును? పాతబస్తీలోని వెనుకటి దేవిడీలను తలచుకొనుడు. కబురు తెచ్చినవాడు దర్వాజా దాటడు. దర్వాజా వద్దనున్నవాడు విని లోపలికి అందజేయును. కణపు దర్వాజా వద్దనుండు ప్రోటీనునకు గ్రాహకమని పేరు. కాని ఈ దర్వాజామనిషి విచిత్రమైనవాడు. వాని తల వీధిలో, నడుము గోడలో, చేతులు ఇంటిలోపల నుండును. కబురు వినువాడును, పని మొదలుపెట్టువాడును వాడే.

ఇట్టి గ్రాహకములు రెండేసి జతగా నిలిచియుండును. హార్మోను వచ్చి రెండు తలల నడుమ కూర్చుండగానే తలలు కొంచెము తిరుగును. ఆ త్రిప్పు నడుము గుండ లోనికి ప్రాకి, లోపలి చేతులు పనికి అనువుగా కలియును. ఆ చేతులు గ్వానిలిల్ సైక్లేజు అను ఎంజైము. ఒక్కచేతితో చప్పట్లు మ్రోగనట్లే, రెండింటి భాగములు చేరిననే ఈ ఎంజైము పనిచేయును. అది కణములోని జి.టి.పి. నుండి రెండు ఫాస్ఫేటులను తెంచి, మిగిలిన భాగమును వలయముగా ముడివేయును. ఆ వలయమే సైక్లిక్ జి.ఎం.పి. వాకిట ఒక్క హార్మోను అణువు నిలిచియున్నంతసేపు లోపల ఇట్టి వలయములు అనేకము తయారగుచునే యుండును. చిన్న కబురు పెద్ద పనియగుట ఇట్లు.

ఈ వలయములు కణములోని ఇతర ఎంజైములను, ముఖ్యముగా ప్రోటీను కైనేజు-జి అను దానిని మేల్కొల్పును. రక్తనాళపు కండరకణములో కాల్షియము తగ్గి కండరము సడలును; నాళము వెడల్పగును. మూత్రపిండపు నాళికలలో సోడియమును తిరిగి లోనికి పీల్చు మార్గములు మూసికొనును. ఉప్పు, దానితో నీరు బయటికి పోవును. ఈ గ్రాహకము లేకుండ పుట్టించిన ఎలుకలకు రక్తపీడనము హెచ్చుగా నుండెనని 1995లో ప్రకటించిరి.

మరి హృదయము నీరసించినవారి సంగతి యేమి? వారికి ఆయాసము, పాదముల వాపు. వ్రేలితో నొక్కిన గుంట పడును. రక్తము పరీక్షించిన బి.ఎన్.పి. తక్కువగా కాదు, మిక్కిలి హెచ్చుగా నుండును! గుండె మొఱపెట్టుచునే యున్నది, నీరు మాత్రము పోదు. కారణములు పెక్కు గలవు. ఒకటి దర్వాజా వద్దనే యున్నది. గ్రాహకపు లోపలి భాగమునకు ఫాస్ఫేటులు అంటియుండిననే అది కబురునకు బదులు పలుకును. ఆ ఫాస్ఫేటులు ఎ.టి.పి. నుండి వచ్చునవి. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, 1929లో హార్వర్డున ఫిస్కేతో కలిసి కండరమునుండి వెలికితీసిన ఎ.టి.పి. అదియే. హార్మోను ఎడతెగక తట్టుచున్న కొలది ఆ ఫాస్ఫేటులు ఊడిపోయి గ్రాహకము మందగించును. ఇదిగాక, లోపల తయారైన వలయములను విప్పు ఎంజైములున్నవి. తల గలిగియు సైక్లేజు చేతులు లేని మరొక గ్రాహకము హార్మోనును మ్రింగి తొలగించును. నెప్రిలైసిన్ అను ఎంజైము దానిని ముక్కలు చేయును.

ఈ నెప్రిలైసిన్‌ను అడ్డు మందు సాకుబిట్రిల్. దీనిని వల్సార్టాన్‌తో జతచేసి 8 వేలకు పైగా రోగులలో పరీక్షించి, 2014లో ఫలితములు ప్రకటించిరి. ఎనలాప్రిల్ వాడినవారిలోకంటె వీరిలో హృద్రోగ మరణములు, ఆసుపత్రిలో చేరవలసివచ్చుట తగ్గినవి. ఇందొక మెలిక గలదు. ఈ మందు వాడువారిలో బి.ఎన్.పి. విరుగుట తగ్గును గనుక, రక్తములో దాని కొలత పెరిగినను జబ్బు ముదిరినదని అనరాదు. అందుచే అట్టివారికి వైద్యులు బి.ఎన్.పి. తయారగునప్పుడు దానితో పాటు విడివడు మరొక తునకను కొలుతురు. నెప్రిలైసిన్ దాని జోలికి పోదు.