కిడ్నీ మారిస్తే పాతది ఏమవుతుంది?

చిల్లకూరు, గూడూరు వైపు కిడ్నీ జబ్బు ముదిరిందంటే ఇంట్లో వినపడే పేర్లు నెల్లూరు, తిరుపతి స్విమ్స్, మద్రాసు, రాయవేలూరు. మన దేశంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో ఆ రాయవేలూరు సీఎంసీలోనే జరిగింది.

పాత కిడ్నీలు తీసేసి అదే చోట కొత్తది పెడతారని చాలామంది అనుకుంటారు. మామూలుగా పాతవాటి జోలికే పోరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన అమర్చి, కాలికి వెళ్ళే పెద్ద రక్తనాళాలకు కలిపి, దాని మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుడతారు. అంటే ఆ మనిషి ఒంట్లో మూడు కిడ్నీలు! పాతవి మరీ పెద్దగా ఉబ్బినా, చీము పట్టి వదలకపోయినా అప్పుడు తీస్తారు.

దాత నుంచి ఎక్కువగా ఎడమ కిడ్నీనే తీసుకుంటారు. దాని సిర పొడవు, కుట్టడం సులువు. మిగిలిన ఒక్కటీ కాస్త పెరిగి రెండోదాని పని కూడా చాలావరకు అందుకుంటుంది. ఒక్క కిడ్నీతో మనిషి బతుకుతాడని 1869లో హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ ఆపరేషన్ చేసి చూపించాడు.

కొత్త కిడ్నీ దొరికేదాకా డయాలసిస్ చేయించుకునేవాళ్ళ ముంజేతిని తాకితే జుమ్మని అదురు తెలుస్తుంది. ధమనిని సిరకు కలిపి కుట్టిన ఫిస్టులా అది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, సూది పొడవనివ్వకూడదు. అదురు ఆగిందా, ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది మూత్రాశయం కథ. క్యాన్సర్ దాని కండరంలోకి పాకితే మొత్తం తీసేయాల్సి వస్తుంది. మరి మూత్రం ఎక్కడ నిలవాలి? కొందరికి వాళ్ళ చిన్నపేగులోనే ఒక ముక్క తీసి, సంచిలా కుట్టి, మూత్రనాళాలు అందులోకి కలుపుతారు. ఈ కొత్త సంచికి మునుపటిలా ‘నిండింది’ అని చెప్పడం రాదు. అందుకే గడియారం చూసుకుని, రాత్రి అలారం పెట్టుకుని మరీ లేచి వెళ్ళాలి. పేగు గుణం పోదు కనుక మూత్రంలో జిగురు కూడా పడుతుంది. ఈ ఆపరేషన్‌కు ముందు ఇచ్చే మందుల కలయికల్లో ఒకదానిలో మెథోట్రెక్సేట్ ఉంటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో చేసిన కృషి ఫలం అది.

నొప్పి లేకుండా మూత్రంలో రక్తం ఒక్కసారి పడి ఆగిపోయినా, ముఖ్యంగా బీడీ, సిగరెట్టు తాగేవాళ్ళు, వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగి ఊరుకోవద్దు, అది ఈ క్యాన్సర్ గుర్తు కావచ్చు. గడ్డ పైపొరలోనే ఉండగా దొరికితే మూత్రద్వారం గుండానే గొట్టం పంపి తీసేస్తారు. పొట్ట కోయనక్కర్లేదు.