పుస్తకాల బీరువా కప్పుకుని నిద్రపోతున్న ముసలమ్మ

ఉండి: పుస్తకాల బీరువాను కప్పుకుని నిద్రపోయేవారిని ఎక్కడైనా చూశారా? ఉండిలో ఓ పెంకుటింట్లో చూడవచ్చు. ఆరు అరలు, వాటిలో 104 పుస్తకాలు, పై అరలో ఓ పూలకుండీ, మూడో అరలో పుస్తకాల సందున ముడుచుకు పడుకున్న పిల్లి. అన్నీ పాత చీరలే. సూదీ దారంతో కుట్టిన బొంత అది.

కుట్టినావిడకు 58 ఏళ్ళు. ఇంటి దగ్గరే జాకెట్లు కుడతారు. కప్పుకునేది ఆమె తల్లి. వయసు 84. ఇద్దరూ పేర్లు రాయవద్దన్నారు. "బొంత సంగతి రాసుకో బాబూ, మా సంగతి ఎందుకూ?" అన్నారు పెద్దావిడ. కాని వాళ్ళ సంగతి విడిచిపెట్టి బొంత సంగతి రాయడం అయ్యే పని కాదు.

పెద్దావిడది ఆకివీడు దగ్గర పల్లెటూరు. చదువు ఐదో తరగతితో ఆగింది. పుస్తకాల పిచ్చి మాత్రం ఆగలేదు. భర్త ధాన్యం పని మీద భీమవరం వెళితే వచ్చేటప్పుడు అద్దె పుస్తకాల కొట్టు నుంచి రెండు నవలలు తెచ్చేవారట. వంట అయ్యాక, గేదెకు కుడితి పెట్టాక, చుట్టుపక్కల ఆడవాళ్ళు అరుగు మీద చేరితే ఈవిడ పైకి చదివేవారు. చదవడం రానివాళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ వినేవారు.

వారపత్రికల్లో సీరియల్ పూర్తయ్యాక ఆ పేజీలను విడదీసి, వరుసలో పేర్చి, కుట్టి, అట్ట వేయించి దాచుకోవడం 1960లు, 70లలో మన పల్లెల్లో చాలామంది ఆడవాళ్ళు చేసిన పని. ఈవిడా చేశారు. "పుస్తకం కుట్టిన దబ్బనంతోనే బొంతలూ కుట్టేదాన్ని. రెంటికీ ఒకటే దబ్బనం" అని నవ్వారు. కొన్నవీ, కుట్టుకున్నవీ కలిపి ఓ చెక్క బీరువా నిండింది.

తరవాత కళ్ళు పోయాయి. నీటికాసుల జబ్బు. ఈ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. నెప్పీ బాధా లేకుండా పక్కల నుంచి చూపు తగ్గుతూ వస్తుంది కాబట్టి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. నలభై దాటినవాళ్ళు కంటి పరీక్ష చేయించుకోవాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే. పెద్దావిడకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. ఆరేళ్ళ కిందట వెలుతురు తప్ప మరేమీ తెలియని స్థితి వచ్చింది. కూతురు ఉండి తీసుకొచ్చి తన దగ్గర ఉంచుకున్నారు.

కాటా చప్పుడు

ఇల్లు ఖాళీ చేసిన రోజు సంగతి కూతురు తనంత తానే చెప్పారు. "బీరువా అడుగు అర చెద పట్టింది. పై అరల్లో వాన నీళ్ళు కారి పుస్తకాలు అట్టకట్టుకుపోయాయి. మా ఇంట్లో చోటు లేదు. అమ్మకా చూపు లేదు, ఇంకెవరు చదువుతారు అనుకున్నాను. పాత కాగితాల అతన్ని పిలిచి నేనే కాటా వేయించానండి. నలభై ఆరు కిలోలు తూగాయి. అమ్మ పక్క గదిలో మంచం మీద కూర్చుని కాటా చప్పుడు వింటూనే ఉంది. ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ అనలేదు."

ఇది చెప్పేటప్పుడు ఆమె మిషను తొక్కడం ఆపలేదు. ఈ విలేకరి కూడా ఆ విషయం మీద ఇంకేమీ అడగలేదు.

భీమవరంలో డిగ్రీ చదువుతున్న మనవరాలు ఓ రోజు ఫోనులో ఒక ఫోటో చూపింది. అమెరికా, ఇంగ్లండు దేశాల్లో బొంతలు కుట్టే ఆడవాళ్ళు పుస్తకాల అర ఆకారంలో కూడా కుడతారు. రంగురంగుల గుడ్డ పట్టీలు నిలువుగా వరుసలో పేరిస్తే ఒక్కో పట్టీ ఒక్కో పుస్తకం. బీరువాలో నిలబెట్టిన పుస్తకానికి మనకు కనిపించేది వీపు ఒక్కటే కదా. ఆ ఫోటో చూసి కూతురికి ఆలోచన వచ్చింది.

బొంత మనకేమీ కొత్త కాదు. సంస్కృతంలో కంథ అంటారు. బెంగాలు వాళ్ళ కాంథా ఆ మాటే. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలు కుట్టే కవందీ కూడా పాత గుడ్డల పనే. సూది పనిలో మన జిల్లా ఆడవాళ్ళు ఎవరికీ తీసిపోరు. నరసాపురం లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన బొంతకు మాత్రం అలాంటి పేరేమీ లేదు. నాలుగు పాత చీరలు మడత వేసి కుడితే చంటిపిల్లల పక్కబట్ట, అదీ దాని హోదా.

జాబితా రాసింది మనవరాలు

ముందు పుస్తకాల పేర్లు కావాలి. మనవరాలు నోటుబుక్కు పట్టుకుని కూర్చుంది. పెద్దావిడ గోడకేసి తిరిగి, ఎదురుగా బీరువా ఉన్నట్టే, పై అర ఎడమ చేతి వైపు నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పుకుపోయారట. రోజుకు ఒక అర చొప్పున ఆరు రోజులు పట్టింది.

'వేయిపడగలు' పక్కన 'నారాయణరావు' ఉండాలన్నారు. ఎందుకని అడిగితే, 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతి ఆ రెంటికీ కలిపి వచ్చింది కాబట్టి విడదీయకూడదట. విశ్వనాథ, బాపిరాజు గార్లను పక్క పక్కనే కూర్చోబెట్టిన ఘనత ఆ బీరువాది. అడివి బాపిరాజు పుట్టింది భీమవరం దగ్గర సరేపల్లెలో అన్న సంగతి మనవరాలికి అప్పుడే తెలిసింది. 'చివరకు మిగిలేది' రాసిన బుచ్చిబాబు ఏలూరులో పుట్టారనీ అప్పుడే తెలిసింది. బస్సులో రోజూ తిరిగే ఊళ్ళే, ఎవరు చెప్పారు గనుక!

కొన్నిచోట్ల "అక్కడ సందు" అని చెప్పారు పెద్దావిడ. చదివి ఇస్తామని పట్టుకెళ్ళి తిరిగి తేనివాళ్ళ పుస్తకాల చోట్లు అవి. అలాంటివి తొమ్మిది. బొంతలో ఆ తొమ్మిది చోట్లా నల్లగుడ్డ అలాగే కనిపిస్తుంది. ఎవరు పట్టుకెళ్ళారో పేర్లు కూడా చెప్పారు. అవి పత్రికలో వేయడం బాగుండదు.

నాలుగో అరలో ఒక పుస్తకానికి పేరు లేదు. గోధుమరంగు కాగితం అట్ట వేసినట్టు గోధుమరంగు గుడ్డతో ఉత్త పట్టీ కుట్టమన్నారు. అత్తగారికి కనబడకుండా చదివిన పుస్తకమట. ఏమిటది అని కూతురు, మనవరాలు ఎంత అడిగినా చెప్పలేదు. అత్తగారు పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది.

అరంగుళం లెక్క

బొంత పొడవు ఆరు అడుగులు, వెడల్పు నాలుగున్నర. దానికి పెద్దావిడ కట్టి వదిలేసిన నేత చీరలు, వాయిల్ చీరలు కలిపి 19 పట్టాయి. పాత చీరలో పైట కొంగు, మోకాళ్ళ దగ్గర భాగం పనికి రావు, పట్టుకుంటే చిరుగుతాయి. లోపలికి దోపుకునే వైపు గట్టిగా ఉంటుంది, రంగు కూడా వెలిసిపోదు. అందుకని ఒక్కో చీర నుంచి గజంన్నరో రెండు గజాలో మాత్రమే వచ్చింది. ఎరుపు, నేరేడు రంగు ముక్కలను ముందే ఉప్పునీళ్ళలో నానబెట్టి రంగు దిగడం ఆగాక, పల్చగా గంజి పెట్టి ఇస్త్రీ చేశారు. గంజి లేకపోతే పాత గుడ్డ కత్తెర కింద జారిపోతుంది.

మొదటి అర తప్పిపోయింది. రెండున్నర అంగుళాల పుస్తకానికి రెండున్నర అంగుళాల పట్టీయే కత్తిరించారు. పక్క పట్టీతో కలిపి కుట్టేటప్పుడు అటు పావు, ఇటు పావు అంగుళం కుట్టులో పోతుంది. ఒక పట్టీకి అరంగుళం అంటే ఏమీ కాదనిపిస్తుంది. అరకు 20 పట్టీలు. మొత్తం 10 అంగుళాలు తగ్గి అర పొట్టిదైపోయింది. "నలభై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను, ఆ మాత్రం లెక్క మరిచిపోయాను. సిగ్గేసింది" అన్నారామె. తరవాత నుంచి ప్రతి పట్టీ అరంగుళం ఎక్కువ పెట్టి కోశారు. పొట్టి అర పారేయలేదు. తలగడ గలీబు అయింది.

బీరువా చెక్కకు కాఫీపొడి రంగు పాత లంగా వాడారు. పుస్తకాల వెనక చీకటిగా కనబడాలని నల్లగుడ్డ. పుస్తకాలన్నీ ఒకే ఎత్తు ఉంటే గోడ కట్టినట్టుంటుంది కాబట్టి కొన్ని పొడుగు, కొన్ని పొట్టి, రెండు మూడు పక్క పుస్తకం మీదికి ఒరిగినట్టు. ఒరిగినవి కుట్టడమే కష్టం. వాటిని ముందు నల్లగుడ్డ మీద పరిచి అంచులు లోపలికి మడిచి చేత్తో కుట్టారు. తక్కినదంతా మిషను పని. మొత్తం తయారయ్యాక కింద రెండు పాత చీరలు, మధ్యలో ఒకటి పరిచి, మంచం మీద బిగదీసి, చుట్టూ పొడుగు టాకాలు వేసి, ఆ పైన అంగుళానికో వరస చొప్పున మామూలు బొంత కుట్టు. ఆ కుట్టు మాత్రం కొంత పెద్దావిడే వేశారు. చూపు లేకపోయినా చెయ్యి వరస తప్పలేదు. సంక్రాంతి వెళ్ళాక మొదలుపెడితే శ్రావణ మాసానికి పూర్తయింది.

సెకటరీ ఏవిటే?

అసలు పని పేర్ల దగ్గర వచ్చింది. పేర్లు కంటికి కాదు, వేలికి తెలియాలి. చూపు లేనివారికి బ్రెయిలీ లిపి ఉంది. మన దేశ భాషలన్నిటికీ పనికివచ్చే భారతి బ్రెయిలీ 1951లోనే వచ్చింది. కాని ఎనభై దాటాక చుక్కలు నేర్చుకునే ఓపిక లేదన్నారు పెద్దావిడ. "నాకు వచ్చిన అక్షరాలే పెట్టు" అన్నారు. సరేనని అంగుళం ఎత్తు అక్షరాలను ఒకదాని కింద ఒకటిగా గొలుసు కుట్టుతో ఉబ్బెత్తుగా కుట్టారు.

మొదట కుట్టింది యద్దనపూడి 'సెక్రటరీ'. పెద్దావిడ వేలితో తడిమి, "సెకటరీ ఏవిటే? అలాంటి పుస్తకం నా దగ్గర లేదు" అన్నారట. క్రావడి చేతికి తగలలేదు! ఒత్తులన్నిటికీ ఇదే ఇబ్బంది. తెలుగు అక్షరానికి కింద ఉన్నదే సగం ప్రాణం, అది గుడ్డ మీద కలిసిపోతే ఎలా? 'మాలపల్లి' మాలపలి అయింది. అప్పుడు కూతురు ఉపాయం పన్నారు. అక్షరాలకు నూలు దారం, ఒత్తులకు ఉన్ని దారం. ఉన్ని మెత్తగా, లావుగా తగులుతుంది. అప్పటికి కుట్టిన పదకొండు పేర్లూ ఊడదీసి మళ్ళీ కుట్టారు. 'పార్వతీశం'లో ఒక్క ఒత్తే కాబట్టి అది సుఖంగా అయిందన్నారు. 'బారిస్టర్' అన్న మాట వదిలేశారు. మొగల్తూరు నుంచి బయలుదేరి సీమకు పోయిన ఆ పార్వతీశం ఎవరో మన జిల్లాలో వేరే చెప్పనక్కరలేదు.

బొంత పూర్తయి మంచం మీద పరిచిన సాయంత్రం పెద్దావిడ చాలాసేపు తడుముతూ కూర్చున్నారు. ఆఖరికి ఒక పట్టీ మీద వేలు ఆపి, "ఇది చదవవే" అన్నారు మనవరాలితో.

ఇంట్లో ఎవరికీ ఈ మాట ముందు తోచలేదు. పట్టీ ఉంది, పుస్తకం లేదు. కాటాకు వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి మనవరాలు గ్రంథాలయాల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఇది మన ప్రాంతానికి తెలియని దారి కాదు. భీమవరం పక్కనున్న కుముదవల్లిలో భూపతిరాజు తిరుపతిరాజు గారు వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం పెట్టింది 1897లో. బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన 1914కు అది పదిహేడేళ్ళ ముందు మాట. 1935లో గుంటూరు జిల్లాలో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా ఇచ్చారు. మన వెంకయ్య వయ్యేరు మీద కూడా అలాంటి పడవ ఒకటి తిరిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఇవాళ ఇంటి పన్ను కట్టే ప్రతివారూ రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు. రసీదు తిరగేసి చూసుకునేవారు తక్కువ. పన్ను కడుతున్నాం కాబట్టి పుస్తకం అడిగే హక్కు ఉందని తమకు తట్టనే లేదని కూతురు చెప్పారు.

శాఖా గ్రంథాలయాల్లో కొన్ని దొరికాయి. కొన్ని కాలేజీ లైబ్రరీలో, కొన్ని స్నేహితురాళ్ళ అమ్మమ్మల పెట్టెల్లో. రాత్రి భోజనాలయ్యాక మనవరాలు చదువుతుంది. పక్కింటివారు ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చుంటున్నారు. బియ్యంలో ఇప్పుడు రాళ్ళు రావడం లేదు కాబట్టి ఊరికే వింటున్నారు. కూతురు మాత్రం జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ వింటారు. చిన్నప్పుడు అమ్మ చదువుతుంటే తాను నిద్రపోయేదాన్ననీ, ఆ కథలన్నీ ఎలా ముగిశాయో ఇప్పుడు తెలుస్తోందనీ అన్నారు.

పుస్తకం దొరికి చదవడం పూర్తయితే ఆ పట్టీ తల మీద ఒక చొక్కా గుండీ కుడతారు. ఈ విలేకరి లెక్కపెట్టిన రోజుకు గుండీలు 31. పేరు లేని గోధుమరంగు పట్టీకి గుండీ ఎప్పుడు అని అడిగితే పెద్దావిడ జవాబు చెప్పకుండా బొంత మోకాళ్ళ మీదికి లాక్కున్నారు.

పార్వతీశం మూడు భాగాలకూ బొంతలో మూడు పట్టీలు ఉన్నాయి. మొదటి రెంటికీ గుండీలు పడ్డాయి. మూడోది వెతుకుతున్నారు. గుండీ మాత్రం ముందే తీసి మిషను సొరుగులో పెట్టుకున్నారు.