ఎవరికీ అక్కర్లేని రెక్కల కారు

పిల్లలూ, ముక్కు ఉన్న కారును మీరు ఎప్పుడైనా చూశారా? పోనీ, తోక ఉన్న కారును?

1970లో అమెరికాలో ప్లిమత్ అనే కంపెనీ అటువంటి కారును అమ్మకానికి పెట్టింది. దాని పేరు సూపర్‌బర్డ్. మామూలు కార్లకు ముందువైపు బల్లపరుపుగా ఉంటుంది గదా! దీనికి ఒకటిన్నర అడుగుల పొడవున మొనదేలిన ముక్కు ఉండేది. దీపాలు పగలంతా ఆ ముక్కులో దాక్కుని, రాత్రి కాగానే రెప్పలు తెరిచినట్టు పైకి లేచేవి. ఇక వెనకవైపు, డిక్కీకి అటూ ఇటూ రెండు అల్యూమినియం స్తంభాలూ, వాటి మీద అడ్డంగా ఒక పలకా ఉండేవి. చూసిన వాళ్లకు ఎవరో కారు మీద బట్టలారేసే దండెం కట్టారేమో అనిపించేది.

ఇదంతా సోకు కోసం చేసింది కాదు. గాలితో పోట్లాడటానికి చేసింది.

అమెరికాలో నాస్కార్ అనే సంస్థ 1948 నుంచీ కారు పందేలు నడుపుతున్నది. ఆ రోజుల్లో అక్కడ ఒక నియమం ఉండేది. పందెం కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన కారును తెచ్చి పరుగెత్తించటానికి వీల్లేదు. దుకాణంలో ఎవరైనా కొనుక్కోగల రకమే పందెంలోకి రావాలి. 1969లో ఒక కొత్త రకం పందేనికి రావాలంటే అటువంటివి కనీసం 500 తయారుచేసి జనానికి అమ్మాలి. ఈ నియమమే లేకపోతే మన ముక్కు కారు వీధిలోకి వచ్చేదే కాదు.

పందెంలో ప్రధానమైన పోటీ ఫోర్డుకూ, క్రైస్లర్‌కూ మధ్య. డాడ్జి, ప్లిమత్ అనేవి రెండూ క్రైస్లర్ వారి కార్లే. వారి దగ్గర హెమీ అనే బ్రహ్మాండమైన ఇంజను ఉండేది. దాని పరిమాణం 426 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 7 లీటర్లు. దుకాణంలో అమ్మే కారులోనే దాని బలం 425 అశ్వశక్తి అని చెప్పేవారు. అంత ఇంజను ఉండి కూడా 1969 ఫిబ్రవరిలో డేటోనాలో జరిగిన 500 మైళ్ల పందెంలో ఫోర్డే గెలిచింది.

కారణం గాలి. బస్సు వేగంగా పోయేటప్పుడు కిటికీలోంచి గాలి ముఖాన ఎలా కొడుతుందో మీకు తెలుసు. (అది చూడటానికి చెయ్యి బయటపెట్టకండి!) వేగం రెండింతలయితే ఆ గాలి తోపు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. దాన్ని ఎదిరించి పోవటానికి కావలసిన బలం ఎనిమిదింతలు! కనుక ఇంజనును ఎంత పెంచినా ఒక హద్దు దాటి లాభం లేదు. అంతకంటే గాలిని తప్పించుకోవటం తెలివైన పని.

అందుకని డాడ్జి ఇంజనీర్లు ఒక సొరంగంలో కారును నిలబెట్టి, దాని మీదికి గాలి వదిలి పరీక్షలు చేశారు. పడవ ముక్కు నీటిని చీల్చినట్టు ఈ ముక్కు గాలిని చీలుస్తుంది. మరి వెనక పలక ఎందుకు? విమానం రెక్క గాలిలో విమానాన్ని పైకి లేపుతుంది గదా. ఇది తలకిందుల రెక్క. కారును కిందికి నొక్కుతుంది. అది లేకపోతే అంత వేగంలో వెనక చక్రాలకు నేలమీద పట్టు ఉండదు. రెండు స్తంభాలూ బాణం చివర ఈకల్లాగా కారును తిన్నగా పోనిస్తాయి. రెక్కను అంత ఎత్తున పెట్టటానికి ఇంకో కారణం కూడా ఉంది: ఇంకా కిందికి పెడితే డిక్కీ మూత తెరుచుకోదు! పందెంలో డిక్కీతో పనేమిటి అంటారేమో. కొనుక్కున్నవాడు సామాను పెట్టుకోవద్దూ?

ఇలా తయారైన మొదటి కారు డాడ్జి చార్జర్ డేటోనా. అలబామాలోని టల్లడేగాలో కొత్తగా కట్టిన బాటమీద 1969 సెప్టెంబరు 14న అది మొదటి పందెం గెలిచింది. కాని ఆ గెలుపు అంత గొప్పగా లేదు. ఆ వేగానికి టైర్లు తట్టుకోలేక చీలిపోతున్నాయని, పేరుపొందిన డ్రైవర్లు చాలామంది ఆ రోజు పందెం మానుకుని వెళ్లిపోయారు. నా మటుకు నాకు వాళ్లు చేసిందే సబబనిపిస్తుంది. టైర్లు బాగుపడిన తరువాత, 1970 మార్చి 24న, బడీ బేకర్ అదే బాటమీద డేటోనాను గంటకు 200.447 మైళ్ల వేగంతో నడిపాడు. చుట్టు తిరిగే పందెపు బాటమీద 200 మైళ్లు దాటటం అదే మొదటిసారి.

ఇక ప్లిమత్ సంగతి. వారి తరఫున పరుగు తీసే రిచర్డ్ పెట్టీ తనకూ అటువంటి కారు కావాలన్నాడు. ప్లిమత్ ఇవ్వలేదు. అతను అలిగి 1969లో ఫోర్డు పక్షానికి వెళ్లిపోయాడు. అంతటి డ్రైవరు చేజారాక గాని ప్లిమత్‌కు తెలిసిరాలేదు. తమ రోడ్‌రన్నర్ కారుకే ముక్కూ, రెక్కా తగిలించి సూపర్‌బర్డ్ తయారుచేశారు. పెట్టీ తిరిగివచ్చాడు. 1970 ఫిబ్రవరిలో డేటోనా 500 పందేన్ని పెట్టీ జట్టులోని పీట్ హామిల్టన్ ఈ కారుతోనే గెలిచాడు.

అన్నట్టు, రోడ్‌రన్నర్ అనేది అమెరికా ఎడారుల్లో నేలమీద పరుగెత్తే ఒక పక్షి. మన పొదల్లో నడిచే జెముడుకాకికి అది దూరపు చుట్టం. బొమ్మల సినిమాలో ఆ పక్షి ‘బీప్ బీప్’ అంటుంది. ఈ కారు హారనూ అలాగే మోగేది.

కాని దుకాణాల్లో ఏమైంది? నియమం మారి, ఇద్దరు వ్యాపారులకు ఒక కారు చొప్పున తయారుచెయ్యాలన్నారు. దాంతో 1,900కు పైగా సూపర్‌బర్డ్‌లు తయారైనాయి. వాటిని కొనేవాడేడీ? ఊళ్లో మెల్లిగా పోయేటప్పుడు రెక్కతో పనేమీ లేదు. పొడుగాటి ముక్కుతో కారు నిలపటమే కష్టం. అమ్ముడుపోక నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. విసిగిపోయిన కొందరు వ్యాపారులు ముక్కు ఊడదీసి, రెక్క పీకేసి, మామూలు రోడ్‌రన్నర్లుగా మార్చి అమ్ముకున్నారు! 1971లో నాస్కార్ ఇటువంటి కార్లకు 305 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను ఉండరాదన్నది. దానితో పందెంలోనూ వాటి కథ ముగిసింది.

ఆనాడు అటువంటి కారు నాలుగు వేల డాలర్ల పైచిలుకు. 2022 జనవరిలో ఫ్లోరిడాలో జరిగిన వేలంలో హెమీ ఇంజనున్న ఒక సూపర్‌బర్డ్ 16 లక్షల 50 వేల డాలర్లు పలికింది!

ఇంత ధర పలికితే దొంగబళ్లు రాకుండా ఉంటాయా? మామూలు రోడ్‌రన్నర్‌కు కొత్త ముక్కు తగిలించి, ఇదే అసలుదని అమ్మేవాళ్లూ ఉన్నారు. అందుకే కొనేవాళ్లు ముందుగా అద్దంలోంచి కనబడే నంబరు పలకను చూస్తారు. అందులో అయిదో అక్షరం ఇంగ్లీషు ‘ఆర్’ అయితే ఫ్యాక్టరీలో హెమీ బిగించారన్నమాట. అటువంటి సూపర్‌బర్డ్‌లు 135 మాత్రమే అని లెక్క. తరువాత ఇంజను మీది నంబరు కారు నంబరుతో సరిపోతుందా అని చూస్తారు.

ఆ పైన కప్పును పరీక్షిస్తారు. సూపర్‌బర్డ్‌కు వెనక అద్దం కొత్తగా అమర్చవలసి వచ్చింది. ఆ అతుకులను నున్నగా సానపట్టే తీరిక లేక, కప్పు మీద నల్లని వినైల్ గుడ్డ అంటించి కప్పేశారు. ఇప్పుడు పాత కారును బాగుచేసే మంచి పనివాళ్లు ఆ గుడ్డ కింద గరుకు అతుకులు కనబడితే వాటిని నున్నగా చెయ్యరు, ఉన్నవి ఉన్నట్టే వదిలి, పైన మళ్లీ నల్లగుడ్డ అంటిస్తారు.