ఒంటరి యాత్రికుని గుడారం

మన ఉద్యోగ మిత్రులలో పర్వతయాత్రలపై ఆసక్తి పెరుగుతుండటం ముదావహం. ఒంటరిగా వెళ్లేవారు సహజంగానే తేలికైన గుడారాన్ని కోరుకుంటారు. మేమూ అలాగే కిలోన్నర బరువున్నదాన్ని ఎంచుకుని గఢ్వాల్ హిమాలయాలకు వెళ్లాము. అర్ధరాత్రి వీచిన పెనుగాలికి దాని ఫైబర్‌గ్లాస్ ఊచ విరిగి, పైగుడ్డను చీల్చివేసింది. తెల్లవారేదాకా ఆ తడిగుడ్డనే కప్పుకుని, వణుకుతూ కూర్చున్నాము.

ఆ అనుభవంతో కొన్ని మాటలు మనవి చేస్తున్నాము. ఊచలు దృఢమైన అల్యూమినియంవై, ఒకదానినొకటి ఖండిస్తూ నిలవాలి. గుడారం ఎత్తు తక్కువైతే గాలి తాకిడీ తక్కువే. పైగుడ్డ దాదాపు నేలదాకా దిగాలి. అయినా లోపలికి గాలి ఆడే మార్గముండాలి. లేకుంటే మన ఊపిరిలోని ఆవిరే నీటిబొట్లై పడక తడిపేస్తుంది. సన్నని కొసను గాలికెదురుగా ఉంచి, మేకులు లోతుగా దిగగొట్టి, తాళ్లన్నీ బిగించాలి.

ప్రయాణానికి ముందే ఒక సాయంత్రం టౌన్‌షిప్ మైదానంలో, చీకటిపడ్డాక, ఎవరి సాయమూ లేకుండా గుడారం వేసి చూడండి. మా కొత్త గుడారం రెండు కిలోలు దాటింది. ఆ అరకిలో అదనపు బరువును నేటికీ సంతోషంగానే మోస్తున్నాము.